హాలీ, కల్దారు: ఇందూరు సీమలో రెండు రూపాయల చరిత్ర

నిజామాబాదు మండలమున, గోదావరి కుడిగట్టున నున్న నందిపేట పరిసర గ్రామములలో పాత కాగితములు విప్పి చూచువారికి ఒక విశేషము కానవచ్చును. అది భూమి క్రయపత్రము కావచ్చును, అప్పుచీటి కావచ్చును. రూపాయల మొత్తమును అంకెలలోను అక్షరములలోను వ్రాసిన పిమ్మట, అవి యే రూపాయలో చెప్పనిదే వాక్యము ముగియదు. "సిక్కా హాలీ" అను మాటయో, "కల్దారు" అను మాటయో అచట నుండును. మా యింటి కాగితములలోని యొక చీటీ ముందువైపున 140 రూపాయల హాలీ అప్పు వ్రాయబడి యున్నది. వెనుకవైపున, కొన్నేండ్ల తరువాతి చేవ్రాతతో, అసలు క్రింద 120 రూపాయలు చెల్లినట్లును, బాకీ తీరినట్లును ఉన్నది. చిన్ననాట దానిని చూచి, ఋణదాత ఇరువది రూపాయలు వదలుకొన్న ఉదారుడని మేము తలచితిమి. ఆయన ఒక్క పైసయు వదలుకొనలేదని తరువాత తెలిసినది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. నూట నలుబది హాలీలు సరిగా నూట ఇరువది కల్దారులు.

పొరుగు దేశములు ఒకే ద్రవ్యమును వాడుకొనవచ్చునా అను ప్రశ్న నేడు పండితులు తరచుగా చర్చించునది. దక్షిణాసియాకు అట్టి ద్రవ్యము నొకదానిని 2003లో భారత ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి కూడ ప్రస్తావించిరి. ఈ ప్రశ్నకు దృష్టాంతముల కొరకు మనవారు ఐరోపా వైపు చూచుచున్నారు. చూడవలసినదే. కాని మన పెద్దల చేతులమీదుగా నడచిన దృష్టాంతము ఒకటి మన యిండ్లలోని పెట్టెలయందే కలదు. దానిని పరిశీలించినచో, రెండు ద్రవ్యములు ఒకటి యగుటలో కష్టము మారకపు లెక్కలో లేదనియు, ఆ ద్రవ్యమునకు వెనుక నిలుచు నిధి యెవరి చేతిలో నుండవలె ననుటలోను, మిగిలిన తునుకల భారమును ఎవరు మోయవలె ననుటలోను ఉన్నదనియు మాకు తోచుచున్నది.

హైదరాబాదు సంస్థానమును "పొరుగు దేశ" మనుట తగునా యని శంక కలుగవచ్చును. ఆంగ్లేయుల పరమాధికారమునకు లోబడిన ప్రభుత్వమే యది. అయినను దానికి తన టంకశాల, తన తపాలా, తన రైలు, తన సుంకపు చౌకీలు ఉండెను. 1802 నాటి వాణిజ్య సంధి ననుసరించి సరిహద్దు దాటు సరకుపై నూటికి అయిదు సుంకము ఏర్పడినది. ద్రవ్య విషయమున మాత్రము అది వేరు దేశమే. ఆ సరిహద్దు కిరువైపుల నున్నవారు తెలుగువారే యగుట మనకు ముఖ్యము.

తెలుగువారి నాణెములు ఎల్లకాలమును ఇట్లు చీలియుండలేదు. కాకతీయుల నాటి శాసనములలో మాడలు, గద్యాణములు, రూకలు సీమాభేదము లేక కానవచ్చును. ఉత్తర సర్కారులు 1766లోను, దత్తమండలములు 1800లోను కుంఫిణీ వశమైన పిమ్మట త్రోవలు వేరైనవి. మద్రాసు రాజధానిలో 1818లో వరహా పోయి రూపాయ వచ్చినది. 1835లో కుంఫిణీ యేలుబడిలోని సీమలన్నిటికి ఒకే రూపాయ యేర్పడినది. ఇటు నిజాము రాజ్యమున గద్వాల, నారాయణపేట వంటి చోట్ల గూడ టంకశాలలుండి, ఊరికొక సిక్కా చెలామణి యగుచుండెను. సరాఫు త్రాసు పట్టి వట్టము తీయనిదే ఒక తాలూకా రూపాయ మరియొక తాలూకాలో చెల్లునది కాదు. మొదటి సాలార్ జంగు దివానుగిరిలో, 19వ శతాబ్ది నడుమ, ఈ చిల్లర టంకశాలలను తీసివేసి హైదరాబాదు టంకశాల నాణెమును ప్రధానము చేసిరి. అదియే హాలీ సిక్కా. హాలీ యనగా ప్రస్తుతము నడచునది. కల్దారు అనగా కలతో, అనగా యంత్రముతో, కొట్టబడినది. 20వ శతాబ్ది ఆరంభమున చార్మినారు గుర్తుతో వచ్చిన హాలీ రూపాయ కూడ యంత్రముపై తయారైనదే. అయినను జనులు ఆంగ్లేయుల దానినే కల్దారు అనుచు వచ్చిరి. మాటకు ఒకసారి పడిన ముద్ర, నాణెముపై ముద్రవలె, అంత సులభముగా అరగదు.

ఏడుకు ఆరు అను నిష్పత్తి ఎచటనుండి వచ్చినది? దీనిని కొందరు సర్కారువారి ఇష్టముచే నిర్ణయింపబడిన దనుకొందురు. వెండిని తూచినచో సంగతి తెలియును. చార్మినారు రూపాయ సుమారు 11.18 గ్రాముల బరువు గలది; అందు వేయింట 818 పాళ్లు వెండి. ఆంగ్లేయుల రూపాయ 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. ఏడు హాలీ రూపాయలలోని శుద్ధమైన వెండి 64 గ్రాములు. ఆరు కల్దారులలోనిదియు 64 గ్రాములే, గ్రాములో పదవ వంతు మాత్రము ఎక్కువ. సరాఫు త్రాసు చెప్పిన మాటనే సర్కారు లెక్క చెప్పినదన్నమాట. నూరు కల్దారులకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు అను లెక్క ఆ కాలపు గుమాస్తాలకు కంఠస్థము.

అయితే ఈ నిష్పత్తిని నిలిపినది వెండి యొక్కటియే కాదు. 1893లో ఆంగ్లేయ ప్రభుత్వము తన టంకశాలలలో ప్రజల వెండిని నాణెముగా కొట్టి యిచ్చుట మానినది. అప్పటినుండి కల్దారు విలువ వెండి విలువకు కట్టుబడి యుండలేదు. పిమ్మట మొదటి ప్రపంచ యుద్ధమున వెండికి కొరత యేర్పడగా, 1918లో హైదరాబాదు ప్రభుత్వము కాగితపు నోట్లను విడుదల చేసినది. రెండవ యుద్ధకాలమున రెండు రూపాయలలోను వెండి తగ్గించిరి. అయినను ఏడుకు ఆరు చెదరలేదు. దానికి కారణము, నోట్లకు వెనుక నిలిచిన నిధిలో వెండితోపాటు భారత ప్రభుత్వపు ఋణపత్రములును ఉండుట. హాలీ ఇచ్చినవానికి కల్దారు దొరకుచుండుట. 1941 నాటి శాసనముచే ఏర్పడి 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేటు బ్యాంకు ఈ కార్యమును నిర్వహించుచుండెను. ఒక వైపు ఉస్మానియా సిక్కా యను స్వతంత్ర నామము. మరియొక వైపు, దానిని నిలుపుటకు పొరుగు ప్రభుత్వపు కాగితము. ఈ వైరుధ్యము 1947లో బయటపడినది.

ఆ సంగతికి పోకముందు బోధను మాట చెప్పవలెను. 1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరు కట్టబడినది. దాని కాలువ నీటిపై చెరకు పెరిగి, 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమునకు ఆధారమైనది. ఈ కర్మాగారపు యంత్రములు సముద్రము దాటి రావలసినవి. వాటి వెల పౌనులలో, అనగా హైదరాబాదు లెక్కకు కల్దారుల మూలముగా, చెల్లవలసినది. చెరకు రైతుకు ముట్టునది హాలీ. ఇందూరు మీదుగా మన్మాడు వరకు పోవు రైలుమార్గము బొంబాయి విపణికి వాకిలి. ఆ వాకిలి దాటిన సరకునకు వచ్చునది కల్దారు. ఇందూరు అంగడిలో పసుపు కొను వర్తకుడు రెండు రూపాయల నడుమ నిలిచి యుండెను. మారకము స్థిరముగా నున్నంత కాలము అతనికి ఇది లెక్క మాత్రమే. అది కదలునను అనుమానము పుట్టిన నాడు, సరకు వెలకు అనుమానపు వెల తోడగును. చెరకు, పసుపు ఇంటిలో తినివేయు పంటలు కావు, అమ్మకమునకే పండునవి. కనుక జొన్న పండించు మెట్ట గ్రామములకంటె ఈ కాలువక్రింది సీమకు రెండు ద్రవ్యముల పట్టింపు ఎక్కువ. ఈ భేదమును మన ప్రాంత చరిత్ర వ్రాసినవారు తగినంత గమనింపలేదని మా యభిప్రాయము.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు ఒడంబడిక కుదిరినది. అది కుదిరిన కొలది వారములలోనే హైదరాబాదు ప్రభుత్వము రెండు శాసనములు చేసినది: ఒకటి వెండిబంగారముల ఎగుమతిని నిరోధించినది, రెండవది భారత ద్రవ్యము సంస్థానమున చట్టబద్ధముగా చెల్లదన్నది. దానితోడనే పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల ఋణము నిచ్చినట్లు బయటపడినది. ఆ ఋణమును ఇచ్చినదెట్లు? భారత ప్రభుత్వపు ఋణపత్రముల రూపమున. హాలీ విలువను నిలుపుటకై కూర్చిన ధనమున నట్టి పత్రములే ప్రధానమైనవి గదా! ఢిల్లీవారి ఆక్షేపణలో ఈ మూడు సంగతులును చేరినవి. సైన్యములు, రజాకారులు, శరణార్థులు అను విషయములపై చరిత్రకారుల దృష్టి నిలుచుట సహజమే. కాని ఒడంబడిక మొదట బీటలువారిన చోట్లలో రూపాయ యొకటి యని మరువరాదు. పొరుగువాని రూపాయను చెల్లదనుట స్వాతంత్ర్య ప్రకటనమే. పొరుగువాని పత్రములనే నిధిగా నుంచుకొని యట్లనుట మాత్రము విచిత్రము.

ఇదే కాలమున ఉపఖండపు వేరొక మూల దీనికి సరిగా విలోమమైన కథ నడచినది. దేశవిభజన నాటికి భారత పాకిస్తానములది ఒకే రూపాయ. రిజర్వు బ్యాంకు ఉభయ రాజ్యములకును కేంద్ర బ్యాంకుగా నుండుటకు ఏర్పాటు జరిగినది. నగదు నిలువలలో పాకిస్తానునకు రావలసిన 55 కోట్లపై 1948 జనవరిలో చెలరేగిన వివాదము సుప్రసిద్ధము. 1948 జూలై 1 నుండి పాకిస్తాను తన కేంద్ర బ్యాంకును తానే నెలకొల్పుకొన్నది. 1949 సెప్టెంబరులో పౌనుతోపాటు భారతము తన రూపాయ విలువ తగ్గించగా, పాకిస్తాను తగ్గించలేదు. వారి నూరు రూపాయలు మన నూట నలుబదినాలుగు రూపాయలకు సమానమని వారు, కాదని మనవారు. తూర్పు బెంగాలు జనుము కలకత్తా మిల్లులకు చేరుట ఆగిపోయినది. రెండేండ్లకు పూర్వము ఒకే రూపాయగా నున్నది ఈ గతి పట్టినది. ఆ సెప్టెంబరులోనే హాలీ మాత్రము కల్దారును అనుసరించి తానును తగ్గినది. నిష్పత్తి ఏడుకు ఆరే. ఒకే నాణెము గలవారు విడిపోయిరి, వేరు నాణెములు గలవారు కలిసిరి. 1948 సెప్టెంబరు సైనిక చర్య పిదప హైదరాబాదు నిధి ఎవరిదను ప్రశ్న లేకపోయినది. కలకత్తా, ఢాకాల నడుమ ఆ ప్రశ్న తప్ప వేరొకటి లేకపోయినది. నాణెముల పోలిక గాని పోలమి గాని ఇందు ముఖ్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము మాకు కానరాదు.

ఇక విలీనము జరిగిన తీరు. 1950లో భారత రూపాయ హాలీతోపాటు చెలామణిలోనికి వచ్చినది. ఆ సంవత్సరము ఏప్రిలు 1న జరిగిన ఆర్థిక సమైక్యతతో రైళ్లు, తపాలా, ద్రవ్యము కేంద్రమునకు చేరినవి. 1951లో హాలీ విడుదల నిలిచినది. కాని ఉన్న హాలీ చెల్లుచునే యుండెను. 1959లో గాని దానికి చెల్లుబాటు పోలేదు. దాదాపు తొమ్మిదేండ్లు రెండు రూపాయలును ఒకే సంచిలో నుండినవి. ఈ ఓపికను మేము మెచ్చుకొనుచున్నాము. ఇంటి కోడలు తన పెట్టెలో దాచుకొన్న పది చార్మినారు రూపాయలు ఒక్క రాత్రిలో చెల్లనివి కాలేదు.

ఓపిక ఉన్నను తునుకలు మిగిలినవి. ఒక హాలీ రూపాయ కల్దారు లెక్కలో 13 అణాల 8 పైసలు, పైన మరి నాలుగు ఏడవ వంతులు. ఒక హాలీ అణా 10 పైసల పైన రెండు ఏడవ వంతులు. ఏడవ వంతు పైసను ఏ టంకశాలయు కొట్టలేదు. నూట నలుబది రూపాయల అప్పునకు ఈ చిక్కు లేదు, అది ఏడుచే నిశ్శేషముగా భాగింపబడును. పెద్ద మొత్తములలో శేషము మిగిలినను అది లెక్కకు రాదు. చిక్కంతయు అణా బేరములలో. అణాకు అమ్మిన గుప్పెడు మిరపకాయలను దుకాణదారుడు రూపాయ మారిన పిమ్మటను అణాకే అమ్మినచో, వెల ఆరవ వంతు పెరిగినట్లే. డెబ్బది హాలీల జీతము సర్కారు పుస్తకమున అరువది రూపాయలైనప్పుడు, గుమాస్తా నష్టపోలేదని లెక్క చెప్పును. అతని కంటికి మాత్రము పది రూపాయలు తగ్గినట్లే. బజారు వెలలు గూడ అంతే తగ్గిననాడు గదా లెక్క సరిపడుట! తెలంగాణమున "చారాణా కోడికి బారాణా మసాలా" యను సామెత యున్నది. అణాల లెక్క జనుల నోట ఎంత నాటుకొన్నదో దానివలన తెలియుచున్నది. అట్టివారికి 1957 ఏప్రిలు 1 నుండి నయా పైసలు గూడ వచ్చినవి. అప్పటినుండి రెండేండ్లపాటు ఇందూరు సంతకు వచ్చిన పల్లెవాడు హాలీ అణా, కల్దారు అణా, నయా పైస అను మూడు లెక్కలు మనసులో పెట్టుకొనవలసి వచ్చినది. హాలీ రూపాయకు నయా పైసలు 85, మరి అయిదు ఏడవ వంతులు. చదువు రానివాని వ్రేళ్లపై నిలుచు లెక్క కాదిది. లెక్క తెలిసినవాడు తెలియనివానినుండి ఈ తునుకలను ఏరుకొనుటకు తొమ్మిదేండ్ల ఓపిక అడ్డుపడలేదు. ఒక్కొక్కచోట అవకాశమే కల్పించినది. మేము మెచ్చుకొన్నదానిలో ఈ లోపము గలదని ఒప్పుకొనక తప్పదు.

2002లో ఐరోపావారి చేతులకు యూరో వచ్చినప్పుడు, ఒక యూరోకు 6.55957 ఫ్రాంకులను స్థిర నిష్పత్తి ఫ్రాన్సున అమలులో నుండెను. అయిదు దశాంశ స్థానముల వరకు పోయినను, వర్తకులు వెలలు పైకి సవరించిరని గృహిణులు మొరపెట్టిరి. 1990 జూలై 1న తూర్పు జర్మనీ జీతములను పడమటి మార్కులోనికి ఒకటికి ఒకటిగా మార్చిరి. అచట ఎవరి జీతపు అంకెయు తగ్గలేదు. అంత జీతములను మోయలేక తూర్పు కర్మాగారములు కూలిపోయినవి. హైదరాబాదులో లోహపు త్రాసు చెప్పిన నిష్పత్తిని మన్నించి, అంకె తగ్గుటను సహించిరి. బోధను కర్మాగారము ఆ మార్పువలన మూతపడలేదు. 2015లో అది మూతపడుటకు కారణములు వేరు. వానికిది స్థలము కాదు.

నందిపేట సీమకు రూపాయ చరిత్రతో మరియొక సంబంధము గలదు. 1970ల నుండి ఇచటి యువకులు గల్ఫు దేశములకు పనికి పోవుచున్నారు. దిర్హాము, రియాలు, దీనారుల నేటి ధర ఎంత యని అడిగినచో చెప్పలేని యింటివారు ఈ గ్రామములలో అరుదు. తమ తాతల కాలమున ఆ దేశములలో నడచినది భారత రూపాయయే యని చెప్పినచో వారు నమ్మరు. బంగారపు దొంగ రవాణా నరికట్టుటకై 1959లో, హాలీ చెల్లుబాటు పోయిన సంవత్సరముననే, రిజర్వు బ్యాంకు గల్ఫు కొరకు ప్రత్యేకముగా నోట్లు ముద్రించినది. కువైటు 1961లోను, బహ్రయిను 1965లోను తమ దీనారులను తెచ్చుకొన్నవి. 1966 జూన్ 6న ఢిల్లీలో రూపాయ విలువ తగ్గించగా, ఖతారు, దుబాయి మొదలైనవి ఒక్కుమ్మడిగా దానిని విడిచినవి. ఒమాను మాత్రము 1970 వరకు ఉంచుకొన్నది. తమ్మడుగని నిర్ణయమువలన తమ సంచి బరువు తగ్గుట వారు సహింపలేదు. 2016 నవంబరు 8న అయిదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయినప్పుడు నేపాళ భూటానములవారు పడిన ఇబ్బందియు ఇట్టిదే. నేపాళ రూపాయ 1993 నుండి మన రూపాయకు 1.60 చొప్పున నిలిచియున్నది, భూటాను ఙుల్ట్రము సరిసమానము. నిష్పత్తిలో చిక్కేమియు లేదు. చిక్కు, నిర్ణయము చేయు గదిలో వారికి పీట లేకపోవుట.

ఆ గల్ఫు దేశములే పిమ్మట తమలో తాము ఒక ద్రవ్యము నేర్పరచుకొన సంకల్పించి, 2010ని గడువుగా పెట్టుకొన్నవి. సౌదీ రియాలు డాలరుకు 3.75, ఎమిరేట్ల దిర్హాము 3.6725, కువైటు మాత్రము 2007లో డాలరు కట్టును విడిచినది. భాష ఒకటి, మతము ఒకటి, ఎగుమతి చేయు సరకు దాదాపు ఒకటి. అయినను ఒమాను ముందే తప్పుకొన్నది. ఉమ్మడి ద్రవ్యమండలి రియాధున నుండవలెనని నిశ్చయింపగా 2009లో ఎమిరేట్లు తప్పుకొన్నవి. అంకెలు దాదాపు స్థిరముగనే యున్నవి, గది యెచట నుండవలె ననుట తెగలేదు. దక్షిణాసియాలో ఆ గదిని ఢిల్లీలో పెట్టుటకు పొరుగువారు ఒప్పుకొందురా? వేరొకచోట పెట్టుటకు ఢిల్లీ ఒప్పుకొనునా? 1949 నాటి జనుపనార మూటలు ఇంకను సరిహద్దున పడియున్నట్లే మాకు కనిపించుచున్నవి. చిన్న బేరములకు, సరిహద్దు సంతలకు పరస్పరము ద్రవ్యమును అంగీకరించుట సాధ్యమే. అది ఒక్క ద్రవ్యమగుట మా జీవితకాలమున జరుగునని మేము తలపము.

తెలుగు శాఖ పత్రికలో ఈ విషయమును వ్రాయుటకు మరియొక కారణము గలదు. హైదరాబాదు నోట్లపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలో గూడ విలువ ముద్రింపబడి యుండెను. పాలకుల భాష తెలుగు కాని రాజ్యమున, బడి మొగము చూడని రైతు చేతికి తన లిపి నోటుపై వచ్చినది. క్రయపత్రములలోని "సిక్కా", "వట్టము", "హాలీ బాపతు", "కల్దారు బాపతు" అను పదములు ఏ సంవత్సరము వరకు వ్రాయబడినవో, ఏ తాలూకాలో ముందుగా మాయమైనవో, 1950 నుండి 1959 వరకు గల పత్రములను ఊరూర చూచి పట్టిక వేయుట పరిశోధక విద్యార్థులకు తగిన పని. ఆర్మూరు, బోధను తాలూకాల పత్రములను ప్రక్కప్రక్కన పెట్టినచో కాలువ సీమకును మెట్ట సీమకును గల భేదము తేలును. మా చీటీ వెనుకవైపున మాత్రము "హాలీ" లేదు, "కల్దారు" లేదు. 120 రూపాయలని మాత్రమే యున్నది.